నాన్నకు 71 ఏళ్లు, బక్కచిక్కిపోతున్నారు: పౌడర్ డబ్బా కొనాలా?

మీ ప్రశ్న ఒకసారి చెప్పుకుందాం. నాన్నకు 71 ఏళ్లు, పరకాల దగ్గర పల్లె. ఏడాదిన్నరలో 66 కిలోల నుంచి 62కి వచ్చారు. షుగర్, బీపీ ఉన్నాయి. కింద కూర్చుంటే గోడ పట్టుకొని లేస్తున్నారు. మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం, ఊళ్లో వంట అమ్మది. ప్రోటీన్ పౌడర్ కొని పంపాలా, చియా గింజలు, ఓట్స్, అవకాడో లాంటివి మొదలుపెట్టాలా, వయసు మీద పడకుండా ఆపే తిండి ఏదైనా ఉందా అని అడిగారు.

పౌడర్ అక్కర్లేదు. రోజుకు రెండు గుడ్లు, చారులా పల్చగా కాకుండా గట్టి పప్పు, సాయంత్రం ఒక గిన్నె గుడాలు (గుగ్గిళ్లు), ఒక గిన్నె పెరుగు. ఇప్పుడు తినేదానికి ఇవి తోడైతే చాలు. అయితే మొదలుపెట్టే ముందు రెండు పనులు చేయండి. ఒకటి, రక్తంలో క్రియాటినిన్ చూపించండి, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో అది చెబుతుంది. రెండు, బరువు ఎందుకు తగ్గిందో డాక్టరును అడగండి. 66లో నాలుగు కిలోలంటే ఆరు శాతం. కావాలని తగ్గకుండా ఇంత పోయిందంటే తప్పంతా తిండి మీద తోసెయ్యలేం. షుగర్ అదుపులో లేకపోయినా మనిషి చిక్కిపోతాడు. థైరాయిడ్, టీబీ, కడుపులో గడ్డ, ఊడిపోయిన పళ్లు, మనసులో దిగులు, వీటిలో ఏదైనా కావచ్చు. అవేవీ లేవని తేలాక నేను చెప్పేవి పనికొస్తాయి.

నేను హనుమకొండలో 23 ఏళ్లుగా డైటీషియన్‌గా ఉన్నాను. పెద్దవాళ్లను తీసుకొచ్చే పిల్లలందరూ మీలాగే "ఏం కొత్తగా పెట్టాలి మేడం" అని అడుగుతారు. నేను వాళ్లకొక తెల్లకాగితం ఇచ్చి, ఈ ఐదేళ్లలో అమ్మానాన్నలకు ఏమేం మాన్పించారో రాయమంటాను. ఆ కాగితం నిండిపోతుంది. షుగర్ వచ్చిందని అన్నం తగ్గించారు. కొలెస్ట్రాల్ అని గుడ్డు, మాంసం. గ్యాస్ అని పప్పు, శనగలు. కఫం అని పెరుగు. మోకాళ్ల నొప్పులకు ఎవరో వద్దన్నారని ఇంకేవో. కొట్టేస్తూ పోతే చివరికి కంచంలో మిగిలేది గుప్పెడన్నం, పచ్చిపులుసు, ఇంత తొక్కు. అది తిని లేవలేకపోతుంటే "ముసలితనం" అంటాం. మీ ఉత్తరంలో కూడా మానేసినవి ఐదు లెక్కపెట్టాను. కొత్తగా పెట్టినది ఒక్కటి కూడా లేదు.

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నర్సంపేట వైపు నుంచి ఒక పెద్దమ్మ వచ్చేది. షుగర్ మనిషి. అచ్చు వేయించిన "తినకూడనివి" పట్టిక ఒకటి ఉండేది నా దగ్గర, అది చేతికిచ్చాను. ఆమె అక్షరం పొల్లుపోకుండా పాటించింది. ఎనిమిది నెలలకు మళ్లీ వచ్చినప్పుడు షుగర్ బ్రహ్మాండంగా ఉంది, నేను సంతోషపడ్డాను కూడా. తూకం మీద నిలబెడితే 38 కిలోలు. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. "నువ్వు చెప్పినట్టే తిన్న బిడ్డా" అంది. ఆ రోజు సాయంత్రమే పట్టికల కట్ట చించేశాను.

అన్నం తగ్గించి, మాత్ర తగ్గించకపోతే ప్రమాదం. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో అదే జరిగినట్టుంది. షుగర్ మాత్రల్లో కొన్ని తిన్నా తినకపోయినా షుగర్‌ను దించేస్తాయి, గ్లిమిపిరైడ్ ఆ కోవదే. రాత్రి రెండు ముద్దలు తిని మాత్ర వేసుకుంటే తెల్లారగట్ల చెమటలు, వణుకు, ఒక్కోసారి బాత్రూంలో పడిపోవడం. పెద్దవాళ్లు పడితే తుంటి ఎముక దగ్గర ఆగుతుంది కథ. కాబట్టి నాన్న తిండిలో ఏ మార్పు చేసినా షుగర్ డాక్టరుకు ఒక మాట చెప్పండి.

ఇప్పుడు లెక్క. వయసు పెరిగేకొద్దీ కండరం కరగడం సహజం. ఇంకో చిక్కు ఏమిటంటే, ముప్పై ఏళ్ల మనిషి ఒంటికి పట్టినంతగా పెద్దవాళ్ల ఒంటికి మాంసకృత్తులు పట్టవు. కండరం నిలవాలంటే వాళ్లకు ఇంకాస్త ఎక్కువే కావాలి. మామూలు పెద్దలకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ అని మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. 65 దాటినవాళ్లకు కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలని వృద్ధుల ఆహారం మీద పనిచేసే నిపుణులు చెబుతున్నారు. మీ నాన్నకు అది 62 నుంచి 75 గ్రాములు.

మీరు రాసిన ప్రకారం ఆయన తినేది: పొద్దున ఉప్మా, పగలు అన్నం, పప్పుచారు, ఆనపకాయ కూర, చల్ల, రాత్రి కొంచెం అన్నం, అదే చారు. మధ్యలో రెండుసార్లు చాయ్. నేను కూడి చూస్తే 40 గ్రాములు దాటడం కష్టం. అందులోనూ సగం బియ్యం నుంచే. "రోజూ పప్పు తింటున్నాడు కదా" అని మీరన్నారు. పప్పుచారు గరిటెతో పోసేటప్పుడు అడుగు నుంచి కలిపారో లేదో ఒకసారి చూడండి. పైన తేరిన చారు పెద్దాయన కంచంలోకి వస్తుంది, ఎందుకంటే అది మెత్తగా దిగుతుంది. పప్పు గిన్నె అడుగున ఉండిపోతుంది.

తక్కువపడ్డ 30 గ్రాములు ఇలా వస్తాయి. రెండు గుడ్లలో 12. ముప్పై గ్రాముల కందిపప్పు అదనంగా వేసి ముద్దపప్పు చేస్తే 6, 7. అదే తూకం బొబ్బెర్లు గుడాలు చేస్తే ఇంకో 6. ఒక పెద్ద గిన్నె పెరుగులో 6. లెక్క సరిపోయింది. కోడి కూరో చేపో ఉన్న రోజున వంద గ్రాముల ముక్కల్లోనే 20 గ్రాములు వస్తాయి కాబట్టి ఆ రోజు ఇంత లెక్క అవసరం లేదు. మొత్తం ఒకే పూట పెట్టేయకండి, మూడు పూటలకూ పంచండి. మనవాళ్లు ఆదివారం అరకిలో మాంసం తిని వారమంతా చారుతో గడిపేస్తారు. ఆదివారం తిన్నది గురువారానికి దాచుకునే కొట్టు ఒంట్లో లేదు.

గుడ్డు గురించి భయపడకండి. పచ్చసొనలో కొలెస్ట్రాల్ ఉంది, నిజమే. కానీ రక్తంలో కొలెస్ట్రాల్‌ను చాలామందిలో ఎక్కువగా పెంచేది నెయ్యి, డాల్డా, వేపుళ్ల లాంటి వాటిలోని కొవ్వు. రోజుకొక పూర్తి గుడ్డు చాలామందికి ఇబ్బంది పెట్టదు. మీ నాన్నకు షుగర్ ఉంది కాబట్టి రెండోదానిలో తెల్లసొన మాత్రమే పెట్టండి, మూడు గ్రాములు తగ్గినా పెరుగుతో సర్దుకుంటుంది. స్టెంట్ వేసినవాళ్లు, కొలెస్ట్రాల్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం డాక్టరును అడిగి మొదలుపెట్టాలి.

గుడ్డుతో అసలు గొడవ వేరే ఉంది. సోమవారం రాజన్నది, శనివారం వెంకన్నది, గురువారం సాయిబాబాది, శ్రావణం, కార్తీకం సరేసరి. మన దగ్గర పెద్దవాళ్లకు వారంలో గుడ్డు తినే రోజులు మూడు నాలుగుకు మించి దొరకవు. వాళ్ల మొక్కులతో నేను వాదన పెట్టుకోను. ఆ రోజుల్లో మీల్ మేకర్ వాడండి. ఇరవై గ్రాములు, అంటే ఒక చిన్న గుప్పెడు, పది గ్రాముల ప్రోటీన్ ఇస్తుంది. వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, చేత్తో చిదిపి టమాటా కూరలో వేస్తే పళ్లు లేనివాళ్లూ తింటారు.

పళ్ల సంగతి మీరు రాయలేదు. అడిగి చూడండి, చాలాసార్లు గుట్టు అక్కడే ఉంటుంది. "ఆకలైతలేదు" అనే పెద్దమనిషి నోరు తెరిపిస్తే వెనక దవడ పళ్లు రెండు వైపులా ఉండవు. నమలలేక మానేసిన తిండికి ఆకలి లేదని పేరు పెడతారు, సిగ్గు. అలాంటివాళ్లకు గుడాలు ఎలా పెట్టాలో చెబుతాను. బొబ్బెర్లు గానీ పెసలు గానీ రాత్రి నానబోసి, పొద్దున ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో కుక్కర్‌లో మామూలుగా మూడు కూతలు పెట్టేవాళ్లు ఐదు పెట్టండి. ఉల్లిగడ్డ, కరివేపాకు, ఇంత జీలకర్రతో తాలింపు వేసి, దించేముందు గ్లాసు అడుగుతో సగం గింజలను మెదపండి. సగం ముద్దగా, సగం గింజగా ఉంటుంది. పైన నిమ్మకాయ పిండితే ఉప్పు తక్కువైనా తెలియదు, గింజల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి కూడా పులుపు సాయం చేస్తుంది. గ్యాస్ అని భయపడేవాళ్లు మొదటి వారం రెండు చెంచాలే తిని, నెమ్మదిగా గిన్నెకు రావాలి. ఏళ్లుగా పప్పు మానేసిన పొట్టకు ఒక్కరోజులో గిన్నెడు పెడితే ఉబ్బరం రాక ఏమవుతుంది!

వీటితో పాటు చాయ్ ఇవ్వకండి. గంట ఎడం ఉండాలి, లేదంటే ఆ ఇనుమును చాయ్ పట్టేసుకుంటుంది.

కాల్షియానికి వస్తే, పెద్దలకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, నెలసరి ఆగిన ఆడవాళ్లకు 1200 కావాలి. పాలు, పెరుగు తాగేవాళ్లకు సగం అక్కడే వస్తుంది. మిగతా సగం మన ఇళ్లలో ఎప్పుడూ ఉండేవే: నువ్వులు, తోటకూర, మునగాకు, రాగులు. రాగుల్లో 100 గ్రాములకు 350 మిల్లీగ్రాముల వరకు, తోటకూరలో 300 పైనే ఉంటుంది. పొట్టు తీయని నువ్వుల్లో వెయ్యి దాటుతుంది. అయితే నువ్వులను గింజగా మింగితే గింజగానే బయటికి పోతాయి. వేయించి పొడి కొట్టాలి.

సద్దుల బతుకమ్మ నాడు మనం చేసే సత్తుపిండి గుర్తుందా? పల్లీలు, నువ్వులు, మక్కలు వేయించి పొడి చేసి బెల్లమో చక్కెరో కలుపుతాం. మా అమ్మమ్మ ఏడాదికి ఒకరోజు చేసేది, నేను నా పేషెంట్ల చేత వారానికోసారి చేయిస్తున్నాను. షుగర్ ఉన్నవాళ్లకు తీపి లేకుండా, వేయించిన శనగలు ఎక్కువ వేసి, జీలకర్రతో. రెండు పెద్ద చెంచాలు పెరుగులో కలుపుకుంటే మీరు కొందామనుకున్న పౌడర్ డబ్బా పని అయిపోతుంది. డబ్బాల మాట వచ్చింది కాబట్టి: మాల్ట్ డ్రింకుల డబ్బా వెనక్కి తిప్పి, అందులో ఏమున్నాయో వరుసగా చదవండి. మొదటి మూడింటిలో చక్కెర ఉంటే అది షుగర్ పేషెంటుకు పెట్టే వస్తువు కాదు. 2024లో జాతీయ పోషకాహార సంస్థ ఇచ్చిన 17 సూచనల్లో కండ పెంచడానికి ప్రోటీన్ పౌడర్లు వద్దని ఒకటుంది, పెద్దవాళ్ల తిండి గురించి ప్రత్యేకంగా ఇంకొకటి ఉంది. ఆపరేషన్ తర్వాతో, నోటితో సరిగా తినలేనప్పుడో పౌడర్ అవసరం పడుతుంది. అప్పుడు నేనే రాసిస్తాను.

చియా, అవకాడో పంపితే తప్పేం లేదు, మీ డబ్బులు. పరకాల పెద్దాయన అవకాడోను రెండో రోజు కోడిపిల్లలకు వేస్తాడని నా అనుభవం. వయసును వెనక్కి తిప్పే తిండి అంటూ ఏదీ లేదు. లేచి తిరగగలిగే రోజులు పెరిగేలా తినొచ్చు, అంతవరకే.

జొన్నరొట్టె గురించి ఒక్క ముక్క. మంచిదే, పీచు ఎక్కువ, విరేచనం సాఫీగా అవుతుంది. కానీ "షుగర్‌కు రొట్టె" అని నాలుగు తింటే అన్నం తిన్నంత పనీ అవుతుంది. ఒకటిన్నర చాలు, పక్కన ఆకుకూర పప్పు ఉండాలి. గంగవాయిలి కూర పప్పైతే మరీ మంచిది. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లలో కొందరికి ఆకుకూరల దగ్గర జాగ్రత్త చెబుతారు. పూర్తిగా మానేయమని దానర్థం కాదు, రోజూ ఒకే మోతాదులో తినమని.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. వయసుతో నాలుకకు రుచి మందగిస్తుంది, అందుకే తొక్కు ముక్క పెద్దదవుతూ పోతుంది. బీపీ ఉన్న మనిషికి తొక్కు, అప్పడం, ఎండుచేప ఒకే పూట పెట్టకండి. పూర్తిగా లాగేసుకుంటే మాత్రం అన్నమే మానేస్తారు. వేలి కొనకు అంటినంత ఉండనివ్వండి.

మెట్ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకు, గ్యాస్ మాత్ర రోజూ మింగేవాళ్లకు బీ12 తగ్గుతుంది. అరికాళ్లు తిమ్మిరెక్కడం, నడకలో తూలడం ఉంటే "షుగర్ వల్లే" అనుకొని వదిలేయకుండా బీ12 చూపించండి. విటమిన్ డి తిండితో పెద్దగా రాదు, పొద్దున్నే ఎండలో కూర్చోవాలి. తగ్గితే డాక్టరు 60,000 యూనిట్ల సాచెట్ కొన్ని వారాలకు రాస్తారు. కోర్సు అయిపోయినా ఏళ్లకేళ్లు మెడికల్ షాపులో కొని వేసుకునేవాళ్లను చూశాను. అది ఎక్కువైతే కిడ్నీలకు చేటు. కిడ్నీ మాట మళ్లీ ఎందుకంటే, క్రియాటినిన్ ఎక్కువ ఉంటే పైన చెప్పిన ప్రోటీన్ లెక్క మీకు వర్తించదు. అప్పుడు ఎంత తినాలో కిడ్నీ డాక్టరు చెప్పాలి.

ఇంకో సంగతి మీ ఉత్తరం చివర్లో ఉంది, మీరు పెద్దగా పట్టించుకున్నట్టు లేరు. రెండేళ్ల కింద చేను కౌలుకిచ్చారు. ఆయన లేవలేకపోవడం అప్పటి నుంచే మొదలై ఉంటుంది. నలభై ఏళ్లు చేనులో వంగి లేచిన మనిషి అరుగు మీద కూర్చున్నాక, ఎంత పెట్టినా కండ నిలవదు. వాకింగ్ సరిపోదు. గట్టి కుర్చీ గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకొని లేచి కూర్చోమనండి. పదిసార్లు, రోజుకు మూడు విడతలు. మొదట్లో కుర్చీ చేతులు పట్టుకున్నా ఫర్వాలేదు.

ఈసారి ఊరికి వెళ్లినప్పుడు ఫోన్‌లో టైమ్ పెట్టి చూడండి. అలా ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకుమించి పడితే కండరంలో బలం తగ్గినట్టు. దర్జీ టేపుతో కాలి పిక్క కూడా కొలవండి. కూర్చోబెట్టి, పాదం నేల మీద ఉంచి, పిక్క ఎక్కడ లావుగా ఉందో అక్కడ, టేపు బిగించకుండా. మగవాళ్లకు 34 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉంటే కండ కరుగుతోందని అనుమానించాలి. మూడు నెలల తర్వాత మళ్లీ కొలవండి. తూకం యంత్రం కంటే ఇది నాకు ఎక్కువ చెబుతుంది, ఎందుకంటే కాళ్లకు నీరు పట్టినా, పొట్ట పెరిగినా తూకం మోసం చేస్తుంది. పాదాలు వాచి ఉంటే పిక్క కొలత కూడా నమ్మకండి.

ఖర్చు సంగతి మీరు అడగలేదు గానీ, చదివేవాళ్లలో చాలామందికి అదే ప్రశ్న. ఇంటికి రేషన్ బియ్యం వస్తుంది, అందుకే కంచం బియ్యంతో నిండుతుంది. వృద్ధాప్య పింఛను డబ్బులో నెలకు ఒక ట్రే గుడ్లు, రెండు కిలోల బొబ్బెర్లు వస్తాయి. నా దగ్గరికి వచ్చే ముసలమ్మలు ఆ డబ్బు మనవళ్ల చిప్స్ ప్యాకెట్లకు ఇస్తారు. "ముసలిపానం, నాకెందుకు గుడ్డు, పోరగాళ్లకు పెట్టు" అంటారు. పెట్టేవాళ్లు కూడా సరేనంటారు.

చివరగా అమ్మ. మీ ప్రశ్నలో ఆమె ఒకే ఒక్కచోట ఉంది, "వంట అమ్మ చేస్తుంది" అని. వయసు రాయలేదు, బరువు రాయలేదు, ఏం తింటుందో రాయలేదు. నాన్నకు పెట్టి, మిగిలిన చారుతో వంటింట్లోనే కూర్చొని తినే ఆమెకు ఈ గుడ్డు, ఈ గుడాలు చేరాలంటే రెండు కంచాలు ఒకేసారి వడ్డించాలి. ఆ మాట ఫోన్‌లో మీరే చెప్పండి, నాన్నకు చెప్పండి. పిక్క కొలిచిన టేపును అక్కడే మడిచి జేబులో పెట్టుకోకండి. ఆడవాళ్లకు 33 సెంటీమీటర్లు. రెండు కొలతలూ ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.